ఒకే లోకం – అనేక కథలు

పాఠ్యభాగ పరిచయం

ఒక రచయిత తన వేర్వేరు నవలలను, కథలను ఒకే కల్పిత లోకంలో నడిపించడం విజ్ఞాన కల్పనా సాహిత్యంలో తరచుగా కనిపించే రచనా పద్ధతి. ఆ పద్ధతి స్వరూపాన్ని, అది రచయితకు కలిగించే సౌలభ్యాన్ని, అతనిపై మోపే బాధ్యతను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు విద్యార్థికి పరిచితమైన శతక రచనా సంప్రదాయం నుండి బయలుదేరి ఈ ఆధునిక పద్ధతిని పరిశీలించడం ఇందులోని విశేషం.

పాఠ్యభాగం

జగిత్యాల జిల్లాలో గోదావరి తీరాన వెలసిన ధర్మపురి ప్రసిద్ధ నారసింహ క్షేత్రం. ఇక్కడ లక్ష్మీనరసింహస్వామి ఆలయంతోపాటు యమధర్మరాజుకు కూడా ఆలయం ఉంది. నరసింహుడు అనగానే ప్రహ్లాదుని కథ స్ఫురిస్తుంది. యముడు అనగానే సావిత్రి, నచికేతుడు, మార్కండేయుడు గుర్తుకు వస్తారు. ఈ కథలు ఒకే గ్రంథంలోనివి కావు, ఒకే కాలంలో పుట్టినవీ కావు. అయినా ఇవన్నీ ఒకే లోకంలో జరిగినట్లుగా శ్రోత భావిస్తాడు. యముడు ఎవరో, అతని పని ఏమిటో ప్రతి కథకుడూ మొదటినుండి చెప్పవలసిన అవసరం లేదు. ఒక కథలో పరిచయమైన పాత్ర మరొక కథలో అడుగు పెట్టగానే వెనుకటి కథల జ్ఞాపకమంతా ఆ పాత్ర వెంట నడిచి వస్తుంది. నూతన కథకు ఆ జ్ఞాపకమే పెట్టుబడి.

పురాణ లోకం ఎందరో కవులు తరతరాలుగా పంచుకొన్న ఉమ్మడి ఆస్తి. ప్రహ్లాద చరిత్రను పోతన భాగవత సప్తమ స్కంధంలో చెప్పాడు. ఎర్రన నృసింహ పురాణంలో చెప్పాడు. ఇద్దరూ తాము సృష్టించని లోకంలోనే తమ ప్రతిభను చూపారు. దీనికి భిన్నంగా ఒకే రచయిత తన ఊహతో ఒక లోకాన్ని నిర్మించి, జీవితకాలంలో రచించిన పలు కథలను అందులోనే నడిపిస్తే ఆ లోకం స్వరూపం ఎలా ఉంటుంది? ఆ లోకానికి, అందులోని ఒక్కొక్క కథకు మధ్య ఎలాంటి సంబంధం ఉండాలి?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ధర్మపురి కవి ఒకరు దారి చూపుతాడు. నరసింహ శతకాన్ని రచించిన శేషప్ప కవి ఈ క్షేత్రవాసి. ఆ శతకంలోని సీస పద్యాలలో ఒకటి భక్తుని ఆర్తిని తెలిపితే, మరొకటి లోక రీతిని ఎత్తిచూపుతుంది. ఇంకొకటి మృత్యువును తలచుకొంటుంది. ఏ పద్యాన్ని విడిగా చదివినా అర్థం సంపూర్ణంగా ఉంటుంది. ఇతర పద్యాలతో సంబంధం లేకుండా తనంత తాను నిలిచే ఇటువంటి పద్యాన్ని ముక్తకం అంటారు. కాని ప్రతి పద్యం చివర ధర్మపురిలో కొలువైన నరసింహునికి చేసే సంబోధన మారకుండా వస్తుంది. అది మకుటం. ముక్తకం పద్యానికి స్వేచ్ఛనిస్తుంది. మకుటం ఆ పద్యాన్ని మిగిలిన పద్యాలతో కలుపుతుంది. ఈ రెండింటిలో ఏది లోపించినా అది శతకం కాదు. మకుటం లేకపోతే అవి చెల్లాచెదురైన పద్యాలు. ముక్తక లక్షణం లేకపోతే అది ఒకే దీర్ఘ కావ్యం. అనేక కథలకు ఒకే లోకాన్ని నెలకొల్పిన రచయిత పరిస్థితి కూడా ఇటువంటిదే. ప్రతి కథ తనంత తాను నిలవాలి. అదే సమయంలో అన్ని కథలనూ కలిపే మకుటంగా ఆ లోకం భాసించాలి.

నవలా సాహిత్యంలో ఈ పద్ధతిని విస్తృతంగా ప్రయోగించినవారిలో 19వ శతాబ్దికి చెందిన ఫ్రెంచి రచయిత బాల్జాక్ ముఖ్యుడు. తొంభైకి పైగా రచనలను ఆయన 'మానవ ప్రహసనం' అనే అర్థమిచ్చే ఒకే శీర్షిక కిందకు తెచ్చారు. ఒక నవలలోని నాయకుడు మరొక నవలలో దారినపోయే వ్యక్తిగా కనిపించడం అందులో సాధారణం. తెలుగులో అంపశయ్య నవీన్ 'అంపశయ్య', 'ముళ్లపొదలు', 'అంతస్స్రవంతి' నవలలలో రవి అనే పాత్ర జీవితాన్ని చిత్రించారు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' నవలలలో నిజాం పాలన నాటి తెలంగాణ పల్లెను, సాయుధ పోరాట కాలాన్ని, తదనంతర పరిణామాలను వరుసగా చూపారు. అయితే ఈ సాంఘిక నవలలకు ఆధారమైన లోకం రచయితకు ముందే ఉంది. గడీ ఎలా ఉంటుందో, వెట్టి చాకిరి అంటే ఏమిటో తెలంగాణ పాఠకునికి చరిత్ర చెప్పింది. రచయిత ఆ లోకాన్ని చూపుతాడే తప్ప దానిని పునాదులనుండి కట్టవలసిన పని లేదు.

విజ్ఞాన కల్పనా రచయిత స్థితి వేరు. వెయ్యేళ్ల తరువాత మనుషులు ఏ గ్రహం మీద నివసిస్తారు? ఒక నక్షత్రం నుండి మరొక నక్షత్రానికి ఎలా ప్రయాణిస్తారు? యంత్రాలు వారికి సేవకులా, సహచరులా? ఈ ప్రశ్నలన్నింటికీ సమాధానాలు కల్పించిన తరువాతనే అతడు కథ మొదలుపెట్టగలడు. ఇంత శ్రమతో కట్టిన లోకాన్ని ఒక్క కథతో విడిచిపెట్టడం ఇల్లు కట్టుకొని ఒక్క రాత్రి పడుకొని వెళ్లిపోవడం వంటిది. పైగా 20వ శతాబ్ది పూర్వార్ధంలో ఈ సాహిత్యం అమెరికాలో ఎక్కువగా మాసపత్రికల ద్వారానే వ్యాపించింది. చిన్న కథలో కొత్త లోకాన్ని వర్ణించడానికి స్థలం చాలదు. పాత లోకమే అయితే పాఠకుడు రెండు వాక్యాలలో అందులోకి ప్రవేశిస్తాడు. ఈ రెండు కారణాలవల్ల ఒకే లోకంలో అనేక కథలు నడిపే పద్ధతి ఈ సాహిత్యంలో బలంగా నాటుకొంది.

రాబర్ట్ హైన్‌లైన్ అనే అమెరికన్ రచయిత తన కథలలోని సంఘటనలు ఏ సంవత్సరంలో జరుగుతాయో, ఏ పాత్ర ఎంతకాలం జీవిస్తుందో, ఏ యంత్రం ఎప్పుడు పుడుతుందో సూచించే పట్టికను తయారుచేసుకొన్నారు. 1941 మే నెలలో 'అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్' పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ ఆ పట్టికను ప్రచురించారు. అందులో అప్పటికి రాయని కథల పేర్లు కూడా ఉండటం విశేషం. ఇంకా జరగని కాలానికి చరిత్ర రాసిన ఈ కథల వరుసకు 'భవిష్య చరిత్ర' అనే పేరు స్థిరపడింది.

ఈ పద్ధతిలోని శక్తి, ప్రమాదం రెండూ స్పష్టంగా తెలియాలంటే ఐజాక్ అసిమోవ్ రచనలను పరిశీలించాలి. 1920లో రష్యాలో జన్మించి, మూడేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా చేరిన అసిమోవ్ రసాయన శాస్త్రంలో పట్టా పొందిన శాస్త్రవేత్త. ఆయన తొలి రోబో కథ 1940లో వెలువడింది. ఒక చిన్నపాపను ఆడించే రోబో అందులోని ప్రధాన పాత్ర. రోబో మనిషికి హాని చేయరాదు, చేతులు ముడుచుకొని కూర్చొని హాని జరగనివ్వరాదు. ఆ నియమానికి భంగం కలగనంతవరకు మనిషి ఆజ్ఞను పాటించాలి. ఈ రెండింటికీ భంగం కలగనంతవరకు తనను తాను కాపాడుకోవాలి. ఈ మూడు సూత్రాలను 1942 మార్చిలో వెలువడిన కథలో అసిమోవ్ స్పష్టంగా పేర్కొన్నారు. తరువాతి రోబో కథలన్నింటికీ ఇవే మకుటం. కథ మారుతుంది, రోబో మారుతుంది, సూత్రాలు మారవు. ఆ సూత్రాల మధ్య ఏర్పడే సంఘర్షణ నుండే ప్రతి కథా పుడుతుంది.

అదే 1942వ సంవత్సరం మే నెలలో, అదే పత్రికలో, అసిమోవ్ మరొక లోకానికి పునాది వేశారు. రోమన్ సామ్రాజ్య పతనాన్ని గురించి గిబ్బన్ రచించిన చరిత్ర గ్రంథం దీనికి ప్రేరణ. నక్షత్ర మండలమంతటా వ్యాపించి 12 వేల సంవత్సరాలుగా సాగుతున్న ఒక మహా సామ్రాజ్యం కూలిపోబోతున్నదని హరి సెల్డన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ముందే గ్రహిస్తాడు. పతనం తరువాత రాబోయే 30 వేల సంవత్సరాల చీకటి యుగాన్ని వెయ్యేళ్లకు కుదించడానికి అతడు 'ఫౌండేషన్' అనే సంస్థను నెలకొల్పుతాడు. వాయువులోని ఒక్క అణువు ఎటు కదులుతుందో చెప్పలేము గాని మొత్తం వాయువు ప్రవర్తనను గణితంతో చెప్పగలము. అలాగే ఒక్క మనిషిని గురించి చెప్పలేకపోయినా కోట్లాది జనసమూహాల గతిని చెప్పవచ్చుననేది సెల్డన్ శాస్త్రానికి మూలం. ఈ కథలు 1951, 1952, 1953 సంవత్సరాలలో మూడు పుస్తకాలుగా వెలువడ్డాయి. ఉత్తమ కథా పరంపరగా 1966లో ఈ మూడు పుస్తకాలకు హ్యూగో పురస్కారం లభించింది.

ఈ రెండు లోకాల మధ్య దాదాపు 40 ఏళ్లపాటు ఏ వంతెనా లేదు. రోబో కథలలో నక్షత్ర సామ్రాజ్యం లేదు. సామ్రాజ్య కథలలో రోబోలు లేవు. ఒకే రచయిత మనసులో రెండు లోకాలు ఒకదాని ముఖం మరొకటి చూడకుండా పెరిగాయి. పాఠకులు, ప్రచురణకర్తలు పదేపదే కోరిన మీదట 60 ఏళ్లు దాటిన అసిమోవ్ 1982లో ఫౌండేషన్ కథను మళ్లీ చేపట్టారు. ఆ తరువాత వచ్చిన నవలలలో రోబోల లోకాన్ని, సామ్రాజ్య లోకాన్ని ఒకే చరిత్రలో ఆదిగా, అంతంగా కలపడానికి పూనుకొన్నారు.

అప్పుడు ఆయనకు ఎదురైన చిక్కు సామాన్యమైనది కాదు. అంత తెలివైన రోబోలను సృష్టించిన మానవజాతి వేల ఏళ్ల తరువాత ఒక్క రోబో కూడా లేకుండా ఎందుకు జీవిస్తున్నది? 1950లో వచ్చిన నవలలో భూమి అణుధార్మికతతో విషపూరితమైనట్లు చిత్రించారు. దానికి కారణం ఏమిటి? హిరోషిమా విషాదం తాజాగా ఉన్న రోజులలో అణుయుద్ధమే కారణమని పాఠకుడు తలపోయడం సహజం. కాని బాంబుల వల్ల కలిగే అణుధార్మికత కాలం గడిచేకొద్దీ క్షీణిస్తుంది. వేల ఏళ్ల తరువాత కూడా భూగోళమంతా అలా ఉండటానికి ఆ కారణం చాలదు. వెనుకటి పుస్తకాలు అచ్చయి లోకం చేతికి చేరాయి. వాటిలోని మాటను వెనక్కు తీసుకోవడానికి వీలులేదు.

1985లో వెలువడిన 'రోబోట్స్ అండ్ ఎంపైర్' నవలలో అసిమోవ్ ఈ చిక్కులనే కథగా మలిచారు. భూమిని ద్వేషించేవారు దానిని క్రమక్రమంగా అణుధార్మికమయం చేయడానికి కుట్ర పన్నుతారు. గిస్కార్డ్ అనే రోబో దానిని ఆపగల స్థితిలో ఉండి కూడా పూర్తిగా ఆపదు. భూమి నివాసయోగ్యం కాకపోతేనే మనుషులు నక్షత్రాలకు వలస వెళ్లి విస్తరిస్తారని అది భావిస్తుంది. ఒక వ్యక్తికన్నా మానవజాతి క్షేమమే ముఖ్యమనే నాలుగో నియమం ఇక్కడ మూడు సూత్రాలకంటె పైకి చేరుతుంది. తాను చేసినది జాతికి మేలో కీడో తేల్చుకోలేక గిస్కార్డ్ మెదడు స్తంభించిపోతుంది. దాని మిత్రుడైన డానీల్ అనే రోబో ఆ భారాన్ని మోస్తూ దాదాపు 20 వేల సంవత్సరాలు మనుషుల కంటపడకుండా వారి చరిత్రను కాపాడుతూ వస్తుంది. పాత కథలలోని పొసగని అంశం ఒక ధర్మ సంకటానికి జన్మనిచ్చింది. తన పూర్వ వాక్యానికి కట్టుబడి ఉండటం వల్లనే రచయితకు ఈ కథ దొరికింది.

అయితే దీనికి అసిమోవ్ చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. తొలి ఫౌండేషన్ కథలలో చరిత్రను నడిపేది జనసమూహాల శక్తి. ఏ దేవుడూ, ఏ రాజూ ఆ నడకను ఆపలేరు. తరువాతి నవలలు చదివిన పాఠకునికి ఆ చరిత్ర వెనుక ఒక రోబో అదృశ్య హస్తం ఉన్నదని తెలుస్తుంది. మరి మనుషులు సాధించినదేమిటి? వారి స్వేచ్ఛ నిజమైనదేనా? లోకాలు కలిసినందువల్ల రోబో కథకు గాంభీర్యం పెరిగింది. ఫౌండేషన్ కథలోని మూల భావం మాత్రం కొంత పలుచబడింది. మకుటం మరీ బరువైతే పద్యం వంగిపోతుంది. 1992లో మరణించేవరకు అసిమోవ్ ఈ ఉమ్మడి చరిత్రలోని ఖాళీలను పూరిస్తూనే ఉన్నారు. చివరి నవల ఆయన మరణానంతరం 1993లో వెలువడింది.

మరొక అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ ఇందుకు భిన్నమైన మార్గాన్ని ఎంచుకొన్నారు. ఆమె నవలలు కొన్నింటికి హైన్ అనే గ్రహం మూలస్థానం. మానవజాతులన్నీ అక్కడినుండే వివిధ గ్రహాలకు విస్తరించాయని ఆ నవలల కల్పన. ఎంత దూరానికైనా క్షణంలో సందేశాన్ని చేర్చే 'ఆన్సిబుల్' అనే సాధనం 1966లో వచ్చిన ఆమె తొలి నవలలోనే కనిపిస్తుంది. ఆ సాధనానికి మూలమైన సిద్ధాంతాన్ని ఒక శాస్త్రవేత్త కనుగొన్న కథ 1974లో వచ్చిన 'ది డిస్పొసెస్డ్' నవలలో ఉంది. ఫలం ముందు, విత్తనం తరువాత వచ్చాయన్నమాట. ఈ నవలల మధ్య కాలగణన అన్నిచోట్లా సరిపోదు. తన రచనలను పథకం ప్రకారం అల్లిన ఒకే చరిత్రగా చూడవద్దని లె గ్విన్ స్వయంగా తెలిపారు. ఆమెకు ప్రతి గ్రహం ఒక కొత్త ప్రశ్న. స్త్రీ పురుష భేదం స్థిరంగా లేని సమాజం ఎలా ఉంటుందని ఒక నవల ప్రశ్నిస్తే, సొంత ఆస్తి లేని సమాజం ఎలా ఉంటుందని మరొకటి ప్రశ్నిస్తుంది. ఆ ప్రశ్న స్వేచ్ఛగా వికసించడానికి అడ్డు తగిలితే పాత నవలలోని తేదీని పక్కన పెట్టడానికి ఆమె వెనుకాడలేదు. శతక పరిభాషలో చెప్పాలంటే అసిమోవ్ మకుటం వైపు, లె గ్విన్ ముక్తకం వైపు మొగ్గారు.

మన దేశంలో ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ సత్యజిత్ రే బెంగాలీలో పిల్లలకోసం రచించిన ప్రొఫెసర్ శంకు కథలు. తొలి కథ 1961లో 'సందేశ్' పత్రికలో వెలువడింది. అందులో శంకు రాకెట్టులో అంతరిక్షానికి వెళ్లి తిరిగి రాడు. అతని డైరీ మాత్రం భూమికి చేరుతుంది. చివరకు ఆ డైరీని కూడా చీమలు తినేస్తాయి. కథ అక్కడితో ముగిసినట్లే. కాని పాత్రపై మమకారం పెరిగిన తరువాత రే మరిన్ని కథలు రాయదలిచారు. గిరిడీలోని శంకు ఇంట్లో అతని ఇతర డైరీలు దొరికినట్లు కల్పించి, మూసుకొన్న తలుపును మళ్లీ తెరిచారు. మొదటి కథలోని ఒక్క అక్షరాన్నీ మార్చవలసిన అవసరం ఆయనకు కలగలేదు. చిన్న ఉపాయంతో పూర్వ వాక్యాన్ని నిలుపుకొంటూనే కొత్త కథలకు దారి చేసుకొన్నారు.

తెలుగులో విజ్ఞాన కల్పనా రచనలు చాలావరకు విడివిడి నవలలుగా, కథలుగానే వెలువడ్డాయి. వృత్తిరీత్యా వైద్యులైన చిత్తర్వు మధు 'కుజుడి కోసం', 'నీలీ–ఆకుపచ్చ', 'డార్క్ అవుట్‌పోస్ట్స్' నవలలను ఒక వరుసలో రచించి, గ్రహాంతర లోకాన్ని తెలుగు పాఠకునికి ఒకటికి మించిన పుస్తకాలలో చూపారు. ఈ దారిలో నడవడానికి తెలుగు రచయితలకు ఇంకా ఎంతో అవకాశం ఉంది. అనేక కథలు పంచుకొనే లోకం తెలుగువారికి కొత్త కాదు. పురాణం ద్వారా అది వారి రక్తంలోనే ఉంది. విడిగా నిలిచే పద్యాన్ని మకుటంతో బంధించే విద్యను శతకం ఏనాడో నేర్పింది.

ఇటువంటి రచనలను చదివే విద్యార్థి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మిగిలిన పుస్తకాలు చదవకపోయినా ఈ కథ తనంత తాను నిలుస్తున్నదా? మిగిలినవి చదివిన తరువాత ఈ కథకు లోతు పెరుగుతున్నదా? మొదటి ప్రశ్నకు సమాధానం కాదు అయితే అది కథ కాదు, పట్టికలోని ఒక గడి మాత్రమే. రెండవ ప్రశ్నకు సమాధానం కాదు అయితే ఆ లోకం పేరుకు మాత్రమే ఉమ్మడి. కల్పించిన లోకానికి సాక్షులు ఉండరు, శాసనాలు ఉండవు. దానికి రచయిత మాటే ఆధారం. ఆ మాటను అతడు ఎంతవరకు నిలబెట్టుకొన్నాడు, ఎక్కడ, ఏ ప్రయోజనం కోసం సడలించాడు అన్నది గమనించడమే ఈ సాహిత్యాన్ని వివేకంతో చదవడం.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ముక్తకం, మకుటం అనే భావనల ఆధారంగా ఉమ్మడి కల్పిత లోకం స్వరూపాన్ని వివరించండి.
2. అసిమోవ్ తన రెండు లోకాలను కలపడం వల్ల కలిగిన లాభనష్టాలను చర్చించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. సాంఘిక నవలా రచయితకు, విజ్ఞాన కల్పనా రచయితకు గల భేదం ఏమిటి?
2. లె గ్విన్ అనుసరించిన మార్గాన్ని వివరించండి.
3. సత్యజిత్ రే శంకు కథలను ఏ ఉపాయంతో కొనసాగించారు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నరసింహ శతక కర్త ఎవరు?
2. హైన్‌లైన్ కథల పట్టిక ఏ సంవత్సరంలో ప్రచురితమైంది?
3. 'ఫౌండేషన్' సంస్థను నెలకొల్పిన పాత్ర పేరేమిటి?